కళ్ళకలక కాని ఎర్రకన్ను

వానలు మొదలైతే హైదరాబాద్ మెహదీపట్నం మందుల దుకాణాల్లో చుక్కల మందు సీసాలు ముందు వరుసలోకి వస్తాయి. కన్ను ఎర్రబడితే కళ్ళకలకే అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. అయితే మూడు వారాల కిందట విరేచనాలతో మంచం పట్టిన మనిషి మోకాలు వాచి, మడమ మోపలేక కుంటుతూ వచ్చి అవే చుక్కలు అడిగితే? కడుపు సంగతి ఎవరూ అడగరు. తగ్గిపోయిందిగా అని ఆయనా చెప్పడు.

కడుపు, కీలు, కన్ను ఒకే తాడున ఉన్నాయని తెలియడానికి వైద్యులకే చాలా కాలం పట్టింది. మూత్రనాళం, కీళ్ళు, కళ్ళు కలిసి వాచిన అయిదుగురి గురించి 1818లో లండన్ వైద్యుడు బెంజమిన్ బ్రోడీ రాశాడు. 1916లో జర్మన్ వైద్యుడు హాన్స్ రైటర్, రక్త విరేచనాల తర్వాత ఇవే బాధలు పడిన సైనికాధికారిని చూశాడు. కారణమైన క్రిమి విషయంలో పొరబడ్డాడు కూడా. అయినా 1942లో అమెరికన్ వైద్యులు బావర్, ఎంగల్‌మన్ ఈ జబ్బుకు అతని పేరే పెట్టారు. ఆ రైటర్ నాజీ ఆరోగ్య శాఖలో పెద్ద అధికారి; బూకెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరంలోని ఖైదీలపై జరిగిన టైఫస్ ప్రయోగాల్లో అతని చేయి ఉంది. 2007లో ఆ పేరును వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించినవారిలో ఎంగల్‌మన్ కూడా ఉన్నాడు, 65 ఏళ్ళ తర్వాత! ఇప్పుడు వాడుతున్న పేరు రియాక్టివ్ ఆర్థరైటిస్.

కడుపుకు సోకే సాల్మొనెల్లా, షిగెల్లా, మూత్రనాళానికి సోకే క్లామీడియా వంటి క్రిములతో పోరాడిన రోగనిరోధక శక్తి ఆ తర్వాత సొంత ఒంటి మీదికే తిరుగుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 జన్యువు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

కంట్లో ఎక్కువగా వచ్చేది పైపొర వాపు, దానంతటదే తగ్గుతుంది. భయపడవలసింది లోపలి వాపు, యువైటిస్. వెలుతురు చూడలేరు, నొప్పి, మసక. కన్ను పరీక్షించే స్లిట్‌ల్యాంప్ యంత్రపు సన్నటి వెలుగులో చూస్తే, కిటికీలోంచి పడే ఎండలో ధూళి తేలినట్టు కణాలు కనిపిస్తాయి. ఆలస్యమైతే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్, వెనుకనున్న కటకానికి అతుక్కుంటుంది. అప్పుడు కంటిపాప గుండ్రంగా విప్పుకోక, నలిగిన పువ్వులా వంకరపోతుంది. ఆపైన శుక్లం, నీటికాసులు. అందుకే స్టెరాయిడ్ చుక్కలతో పాటు కంటిపాపను విప్పే చుక్కలూ వేస్తారు. యాంటీబయాటిక్ చుక్కలు దీనికి పనిచేయవు. స్టెరాయిడ్ చుక్కలు కంటి వైద్యుల పర్యవేక్షణ లేకుండా వేసుకుంటే వాటివల్లే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు.

నగరంలో కంటికి మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి, కీళ్ళకు పంజాగుట్టలో నిమ్స్. రెండు చీటీలు, రెండు వరుసలు. మూడు వారాల కిందటి విరేచనాల సంగతి రెండు చోట్లా చెప్పవలసింది రోగే.