పొట్టిక్క విప్పకుండా తినే గేదె

"సూపర్ నేపియర్ గడ్డి ఏపుగా పెరిగిందిరా, మోపులకి మోపులు వేస్తున్నాను. అయినా పిల్లిపెసర మేపినప్పటి పాలు లేవేంటి?" కోనసీమ నుంచి మా బాబాయి ఫోను. పిన్ని అప్పటికే ఉప్పూ మిరపకాయలతో గేదెకి దిష్టి తీసేసింది. పిల్లిపెసర పప్పుజాతి, మాంసకృత్తులు ఎక్కువ, ఆ సంగతి బాబాయికీ తెలుసు. నాకు మాత్రం గడ్డి ఆకు లోపలి కట్టడం మీదకి మనసు పోయింది.

పొట్టిక్క తెలుసుగా? పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. నేపియర్, పారాగడ్డి, జొన్న ఆకుల్లో ప్రతి ఈనె చుట్టూ ఇలాంటి బుట్టలే దండలా పేర్చి ఉంటాయి. జర్మన్‌లో క్రాంజ్ అంటే దండే. ఇంటర్‌లో ఈ కట్టడాన్నే 'క్రాంజ్ అనాటమీ' అని బట్టీ పట్టించారు గానీ, గేదె ఊసు ఎవరూ ఎత్తలేదు. ఈ గడ్డి తన ముఖ్యమైన ప్రొటీన్ అయిన రూబిస్కోని ఈ బుట్టల్లోనే, అంటే ఈనె చుట్టూ ఉండే పుంజపు తొడుగు కణాల్లోనే దాస్తుంది. వరి ఆకు దాన్ని ఈనెల మధ్య మెత్తటి పత్రాంతర కణాల్లో పరిచి పెడుతుంది, విస్తట్లో వడ్డించినట్టు. నేపియర్‌లో రెండు ఈనెల మధ్య ఆ మెత్తటి కణాలు వరసకి 2 నుంచి 4 మాత్రమే. అంటే ఆకు నిండా బుట్టలే.

గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ముందు మెత్తటి పత్రాంతరాన్నీ, ఈనెలో ఆహారం మోసే ఫ్లోయమ్‌నీ తినేస్తాయి. బాహ్యచర్మం, తొడుగు కణాలు నెమ్మదిగా కరుగుతాయి. నేపియర్ తొడుగు గోడల్లో సుబెరిన్ అనే మైనం లాంటి పొర కూడా ఉంటుంది. గోడల్ని గట్టిపరిచే లిగ్నిన్ పట్టిన జైలమ్ (నీరు మోసే గొట్టాలు), దృఢ కణజాలం దాదాపు అలాగే మిగులుతాయి. ఆ దృఢ కణజాలమే ఈనెను పై చర్మానికీ కింది చర్మానికీ బిగించే ఈనెపుల్ల. అయితే మనం పనసాకు పారేస్తాం, గేదెకి మాత్రం ఆలస్యంగానైనా బుట్ట గోడ కూడా భోజనమే.

బుట్ట విప్పేది నెమరే. గడ్డి నరికే యంత్రం, చాఫ్ కట్టర్, ఆకుని అడ్డంగా నరుకుతుంది, అంటే కోసిన చోట ఉన్న బుట్టలు మాత్రమే తెరుచుకుంటాయి. దవడ పళ్లు నలిపి నిలువునా చీలుస్తాయి. అక్కడి నుంచి సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి.

"ఎన్ని రోజులకి కోశావు బాబాయ్?"

"మనిషి ఎత్తు దాటనిచ్చాను, మోపు బరువొస్తుందని."

ముదిరేకొద్దీ కాడ పెరుగుతుంది, లిగ్నిన్ పడుతుంది. ఎండలు ముదిరితే అది ఇంకా తొందరగా. మొదటి కోత అయ్యాక 45 రోజులకోసారి కోసి, పిల్లిపెసర కలిపి వెయ్యమన్నాను. దిష్టి మిరపకాయల సంగతి పిన్నితో ఆయనే మాట్లాడుకోవాలి.