నడుము నొప్పి ఉన్నవారు తోట పని మానేయాలా? అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టును. నడుము నొప్పితో వచ్చేవారిలో మొక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లను ఇట్టే గుర్తుపడతాను. నొప్పి ఎక్కడుందో చెప్పడం పూర్తికాకముందే "మరి నా మొక్కల సంగతి?" అని అడుగుతారు. ఆ పని ఇక వదిలేయమని ఇంట్లోవాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు. పదకొండేళ్ల కిందట నాకూ డిస్కు (వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే భాగం) జారింది. ఇప్పటికీ రోజూ మట్టిలో చేతులు పెడుతూనే ఉన్నాను. భయంతో తోటను వదులుకున్నవాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నొప్పి పూర్తిగా తగ్గేదాకా పడుకునే ఉండాలి.

ఒకప్పుడు వైద్యులే వారాల తరబడి మంచం దిగవద్దనేవారు. ఆ సలహా ఎప్పుడో మారిపోయింది. నొప్పి మరీ తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవచ్చు. అంతకు మించి పడుకుంటే కండరాలు బలం కోల్పోతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, కదలాలంటేనే జంకు పుడుతుంది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వ్యాయామాన్నే సూచించాయి. పైపుతో నీళ్లు పెట్టడం, నిలబడి ఎండుటాకులు తుంచడం వంటివి నొప్పి ఉన్న రోజుల్లోనూ చాలామంది చేసుకోగలరు.

అపోహ: స్కానింగులో డిస్కు అరిగిందని తేలింది కాబట్టి ఇక వంగకూడదు.

ఒక పెద్దాయన ఎంఆర్‌ఐ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని, నల్లగా కనిపిస్తున్న రెండు డిస్కుల మీద వేలు పెట్టి చూపించారు. ఆ రెండు మచ్చల కోసం ఎనిమిది నెలలుగా ఆయన మొక్కల దగ్గరకే వెళ్లలేదు. నొప్పి మాత్రం అలాగే ఉంది. నడుము నొప్పి లేని మూడు వేల మందికి పైగా వ్యక్తుల స్కానింగులపై జరిగిన పరిశోధనలను 2015లో ఒకచోట చేర్చి పరిశీలించారు. 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ల వారిలో 96 శాతం మందికి డిస్కులు అరిగిన గుర్తులున్నాయి. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇదీ. ఆ ఫిల్ములో కనిపించేదే మీ నొప్పికి కారణమని చెప్పలేం. ఆ పెద్దాయనతో మొదటి వారం రోజుకు పది నిమిషాలే పని చేయించాను.

అపోహ: వంగడమే అసలు తప్పు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. వెన్నెముక వంగడానికే ఉంది. ఎంతసేపు వంగి ఉన్నాం, లేచిన వెంటనే ఏం చేశాం అన్నవే చూసుకోవాలి.

నాకు డిస్కు జారిన రోజు పెద్ద బరువేమీ ఎత్తలేదు. గంటన్నర సేపు వంగి కలుపు తీశాను. తర్వాత లేచి, పాదాలు కదపకుండానే పక్కకు తిరిగి, సగం నిండిన నీళ్ల బకెట్టు అందుకున్నాను. మళ్లీ నిటారుగా నిలబడలేకపోయాను.

చాలాసేపు వంగి ఉంటే వెన్ను వెనుక వైపున్న లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) నెమ్మదిగా సాగుతాయి. నిలబడగానే అవి మామూలు స్థితికి రావు, అందుకు కొంత వ్యవధి పడుతుంది. ఆలోగా బరువు ఎత్తితే ఆ భారమంతా సిద్ధంగా లేని నడుము మీద పడుతుంది. అందుకే ఇప్పుడు ఫోనులో పదిహేను నిమిషాలకు అలారం పెట్టుకుంటాను. మోగగానే లేచి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నాలుగైదు సార్లు మెల్లగా వెనక్కి వంగుతాను, ఒక నిమిషం నడుస్తాను. తర్వాత చేసేది వేరే పని. కలుపు తీశాక కత్తిరింపులు, అవయ్యాక నీళ్లు.

ఉదయం లేవగానే కలుపు తీయడం కూడా మంచిది కాదు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం కొంచెం పొడవుగా ఉండేది అందుకే. ఆ సమయంలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేచాక మొదటి గంటలోనే అందులో చాలా భాగం తగ్గిపోతుంది. ఆ గంటా తోటలో తిరుగుతూ మొక్కలను చూసుకోండి, వంగే పనులు తర్వాత పెట్టుకోండి.

అపోహ: మోకాళ్లు వంచి ఎత్తితే ఎంత బరువైనా ఫరవాలేదు.

మోకాళ్లు వంచడం కంటే, బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉందన్నది ముఖ్యం. వెన్ను కండరాలు వెన్నెముక కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తాయి. 10 కిలోల కుండీని వెన్నుకు 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఆ ఒక్క కుండీ కోసమే కండరాలు దాదాపు 100 కిలోల బలంతో లాగాలి. అదే కుండీని పొట్టకు ఆనించి పట్టుకుంటే భారం సగానికి పైగా తగ్గుతుంది. 10 లీటర్ల బకెట్టు ఒక చేత్తో మోసే బదులు, రెండు చేతుల్లో అయిదేసి లీటర్ల డబ్బాలు మోయండి. తడి మట్టితో నిండిన 30 లీటర్ల కుండీ 40 కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఎత్తకండి. గోనెసంచి మీదికి ఒరిగించి లాగండి, లేదా ముందే చక్రాల పలక మీద పెట్టి ఉంచండి.

అపోహ: నడుముకు బెల్టు కట్టుకుంటే ఏ పనైనా చేయవచ్చు.

బెల్టు బరువును తగ్గించదు. ధైర్యమిచ్చి ఎక్కువ బరువు ఎత్తిస్తుంది. దీర్ఘకాలిక నొప్పికి వీటిని మామూలుగా వాడవద్దని పైన చెప్పిన మార్గదర్శకాలూ అంటున్నాయి.

అపోహ: ఎత్తు మడులు కడితే సమస్య తీరిపోతుంది.

ఎత్తు ఒక్కటే సరిపోదు, వెడల్పు కూడా చూడాలి. ఒక వైపు నుంచే అందే మడి 60 సెంటీమీటర్లు, రెండు వైపుల నుంచి అందేది 120 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే మధ్యలో ఉన్న మొక్క కోసం చేయి చాచి సాగాలి. అది నేల మీద వంగడం కంటే బాధాకరం. ఎత్తు మడి కుదరకపోతే ఒక మోకాలు మెత్తటి దిండు మీద ఆనించి, రెండో తొడ మీద ఒక చేయి ఊతగా పెట్టి పని చేయండి. కలుపు తీసే ముందు నేల తడపండి. పొడి నేలలో గట్టిగా లాగినప్పుడు వేరు ఊడివచ్చే ఆ కుదుపే నడుమును పట్టేసేలా చేస్తుంది. నేల మీద ఎండుటాకులు మందంగా పరిస్తే తీయాల్సిన కలుపే తగ్గుతుంది.

అపోహ: పని చేశాక నొప్పి వచ్చిందంటే లోపల ఏదో దెబ్బతింది.

అలవాటు లేని కండరం నొప్పి పుట్టడం సహజం. మర్నాటికి తగ్గిపోతే అదే మోతాదులో కొనసాగించండి. రెండో రోజూ అలాగే ఉంటే ఈసారి సగమే చేయండి.

వీటిని మాత్రం తోట పని నొప్పి అనుకోవద్దు: మలమూత్రాల మీద అదుపు తప్పడం, మూత్రం రాకపోవడం, తొడల మధ్య భాగంలో స్పర్శ తగ్గడం, కాలు బలహీనపడుతూ ఉండటం. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో కూడిన నడుము నొప్పి, కింద పడ్డాక మొదలైన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా డాక్టరుకు చూపించాకే మళ్లీ పార పట్టండి.