పిల్లలకు ఆలోచించడం నేర్పడం: మనలో పాతుకుపోయిన కొన్ని అపోహలు

నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. సృజనాత్మకత, విమర్శనాత్మక ఆలోచన (విన్నది నిజమో కాదో ఆధారాలతో తేల్చుకోవడం) అన్న మాటలు ఇప్పుడు ప్రతి ట్రైనింగ్‌లోనూ వినపడుతున్నాయి, 2020 జాతీయ విద్యా విధానంలోనూ పదే పదే వస్తాయి. కానీ స్టాఫ్ రూంలో, పేరెంట్స్ మీటింగుల్లో వీటి గురించి అనుకునే మాటలు చాలావరకు సరైనవి కావు, వాటివల్ల నష్టపోతున్నది పిల్లలే కాబట్టి సూటిగా రాస్తున్నాను.

అపోహ: ఆలోచన నేర్పాలంటే దానికి వేరే పీరియడ్ ఉండాలి.

వాస్తవం: పాఠంలోనే నేర్పాలి. వారానికో పీరియడ్ పెట్టి పజిల్స్ చేయిస్తే పిల్లలు పజిల్స్‌లో ఆరితేరతారు, మంచిదే, కానీ ఆ నేర్పు దానంతటదే సైన్స్‌లోకో సోషల్‌లోకో రాదు.

ఒకసారి ఏడో తరగతిలో, చల్లటి నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట చుక్కలెందుకు వస్తాయని అడిగాను. "గ్లాసు కారుతోంది సార్" అన్నాడొకడు. తప్పు అనేసి సాంద్రీకరణం (గాలిలోని నీటి ఆవిరి చల్లబడి నీటి చుక్కలవడం) నిర్వచనం బోర్డు మీద రాసేస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది. "సరే, కారుతోందో లేదో ఎలా తేలుద్దాం?" అన్నాను. నీళ్ళలో రంగు కలుపుదాం, బయటి చుక్కలకు రంగుంటే కారినట్టే అంది ఒకమ్మాయి. ఆ చర్చ నడుస్తుండగానే, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు లేచి "మరి మామూలు నీళ్ళు పోస్తే కారదేం సార్?" అన్నాడు. కారుతోందన్న వాదన అక్కడికక్కడే పడిపోయింది, నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. రంగు కలిపి కూడా చూశాం. సాంద్రీకరణం అన్న మాట ఆ తర్వాతే చెప్పాను. పీరియడ్‌లో సగం దీనికే పోయింది, అయినా ఆ పాఠం మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అపోహ: బట్టీ మొత్తం మానేయాలి.

వాస్తవం: విషయమే తెలియకపోతే దేని గురించి ఆలోచిస్తారు? ఎక్కాలు రాని పిల్ల భిన్నాల లెక్కలో ఏడు ఎనిమిదులెంతో వెతుక్కోవడంలోనే ఉండిపోతుంది, లెక్క ఏం అడుగుతోందో చూసే తీరిక ఆమెకు ఉండదు. విమర్శనాత్మక ఆలోచన విషయ పరిజ్ఞానంతో ముడిపడి ఉంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ విల్లింగ్‌హామ్ 2007లో రాసింది ఇదే. ఎక్కాలు, పద్యాలు నోటికి రానివ్వండి. మానాల్సింది అర్థం కాని జవాబును గైడ్‌లోంచి ఉన్నదున్నట్టు దించడం.

అపోహ: లెక్కలు చకచకా చేసేస్తే ఆలోచన వచ్చినట్టే.

వాస్తవం: ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1970ల చివర్లో గణిత బోధన పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఏదో ఒక వయసు చెప్పేశారు! వాళ్ళు తెలివి లేని పిల్లలు కాదు. ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, జవాబు తప్పకుండా ఉంటుంది అని మనమే ఏళ్ళ తరబడి అలవాటు చేశాం. మీ క్లాసులోనూ ఇలాంటి లెక్క ఒకటి ఇచ్చి చూడండి.

అపోహ: అడిగిన వెంటనే చెప్పలేదంటే పిల్లాడికి రాదు.

వాస్తవం: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో గమనించారు. ఆ వ్యవధిని మూడు సెకన్లు, అంతకు మించి పెంచితే జవాబులు పెద్దవయ్యాయి, అంతకుముందు మాట్లాడని పిల్లలు మాట్లాడారు, ఎదురు ప్రశ్నలు పెరిగాయి. దీనికి పైసా ఖర్చు లేదు. క్లాసులో మౌనంగా ఆగడం మొదట్లో మహా ఇబ్బందిగా ఉంటుంది, ఆగండి.

అపోహ: ఇదంతా కార్పొరేట్ స్కూళ్ళకే, సర్కారు బడిలో కుదరదు.

వాస్తవం: మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మొదలైంది హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం. పిల్లలు చవక కిట్లతో ప్రయోగాలు చేసి, చూసింది రాసుకుని, చర్చించేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు, ఎందుకంటే పుస్తకంలో చూసి దించేసే ప్రశ్నలు కావవి. క్రమంగా వందల బడులకు విస్తరించి 30 ఏళ్ళు నడిచింది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేయడం నాకిప్పటికీ బాధే.

అపోహ: ఇలా చెబితే పదో తరగతి మార్కులు పోతాయి.

వాస్తవం: తెలంగాణ సైన్స్ పుస్తకాల్లో "ఆలోచించండి - చర్చించండి" బాక్సులున్నాయి, ప్రశ్నించడం, పరికల్పన చేయడం (కారణం ఇదై ఉంటుందని ఊహించడం) పిల్లలు సాధించాల్సిన విద్యా ప్రమాణాల్లో ఉన్నాయి. అంటే అడగమని పుస్తకమే చెబుతోంది. గైడ్లు ఆ ఆలోచన ప్రశ్నలకు కూడా జవాబులు అచ్చేస్తే, పిల్లలు వాటినీ బట్టీ పడుతున్నారు. అందుకే ప్రశ్న మనం తయారు చేయాలి. బడిలో మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో వచ్చేదాంట్లో ఒక్కటి మార్చండి: "ఒకరు గ్లాసు కారుతోందన్నారు, ఇంకొకరు గాలిలోని నీటి ఆవిరి అన్నారు. ఎవరి మాట సరైనదో తేల్చడానికి నువ్వేం చేస్తావు?" అని అడిగి, ఎవరిది సరైనదో చెప్పినందుకు కాకుండా తేల్చే పద్ధతికి మార్కులు వేయండి. పద్ధతిలో లోటుంటే అదేమిటో పేపర్ మీదే ఒక వాక్యంలో రాసివ్వండి.