బీసీసీఐలో ఓటు ఎవరిది? అపోహలు - వాస్తవాలు

జట్టు ఎంపిక మీద అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ సెలెక్టర్లను నియమించే బోర్డు ఎలా నడుస్తుందో మాత్రం టీవీ చర్చల్లో విన్న ముక్కలే తెలుసు. తరచూ వినపడే పొరపాట్లు ఇవి.

అపోహ: బీసీసీఐ ప్రభుత్వ సంస్థ.

కాదు, రిజిస్టరైన ప్రైవేటు సొసైటీ. 1928 డిసెంబరులో పుట్టింది. తొలి అధ్యక్షుడు గ్రాంట్ గోవన్, కార్యదర్శి ఆంథొనీ డిమెల్లో. ఆఫీసు ముంబయి వాంఖడేలో ఉన్నా, వర్తించేది తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. అందుకే 2018 ఆగస్టు 21న కొత్త నియమావళి నమోదైంది కూడా తమిళనాడు రిజిస్ట్రారు దగ్గరే.

అపోహ: ప్రైవేటు సొసైటీ కాబట్టి కోర్టులు అడగలేవు.

2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో తేల్చింది: రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం బోర్డు 'రాజ్యం' (ప్రభుత్వ యంత్రాంగం) కిందికి రాదు. కాబట్టి 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్తే పిటిషన్ నిలవదు. 226 కింద హైకోర్టులో రిట్ మాత్రం వేసుకోవచ్చు. బోర్డు చేసేది ప్రజా విధులే అంటూ 2015 జనవరిలో బిహార్ క్రికెట్ సంఘం కేసులో కోర్టు దీన్ని ఇంకా గట్టిపరిచింది. గడప తప్పు ఎంచుకుని కేసు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: 'ఒక రాష్ట్రం, ఒక ఓటు' అమల్లో ఉంది.

రాష్ట్రానికి ఒక్క సంఘానికే ఓటు ఉండాలని, బోర్డు సంస్కరణల కోసం సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ చెప్పింది, 2016 జులై 18న కోర్టు ఒప్పుకుంది. 2018 ఆగస్టు 9న అదే కోర్టు సడలించింది. మహారాష్ట్రలో ముంబయి, మహారాష్ట్ర, విదర్భ. గుజరాత్‌లో గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర - ఈ ఆరు సంఘాలకూ విడివిడిగా ఓటుంది. రైల్వే, సర్వీసెస్, యూనివర్సిటీలకూ ఓటు తిరిగొచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్రా క్రికెట్ సంఘానికి (ఏసీఏ) ఒకటి, హైదరాబాద్ క్రికెట్ సంఘానికి (హెచ్‌సీఏ) ఒకటి, అంతే.

అయితే ఓటు ఉండటం వేరు, వేయగలగడం వేరు. కోర్టు ఆమోదించిన నియమావళికి తగ్గట్టు తమ నియమాలు మార్చుకోలేదని 2019 బోర్డు ఎన్నికల్లో తమిళనాడు, హరియాణా, మహారాష్ట్ర సంఘాలను పక్కన పెట్టారు.

అసలు బలం ఇంకా కింద, రాష్ట్ర సంఘంలో ఓటున్న క్లబ్బుల జాబితాలో ఉంటుంది. రాష్ట్ర సంఘాన్ని చేతిలో పెట్టుకోవాలంటే ఎక్కువ క్లబ్బుల సంతకాలు చేతిలో ఉంటే చాలు. క్లబ్బు పేరు ఒకటి, నడిపేది ఇంకొకరు. కార్యదర్శులు మారినా చిరునామా ఒక్కటే. ఆటగాళ్లు మాత్రం లీగ్ మొదలయ్యే వారం ముందు దొరుకుతారు. హెచ్‌సీఏ వ్యవహారాలు చక్కదిద్దమని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు కమిటీ, ఇలా కొందరి గుప్పిట్లోనే పలు క్లబ్బులున్నాయని తేల్చి, 57 క్లబ్బులను ఆ ఏడాది ఎన్నికలకు దూరం పెట్టింది. ఏ సంఘం ఓటర్ల జాబితా చూసినా ముందు ఈ మూడు పోల్చండి: ఆఫీసు బేరర్ల ఇంటిపేర్లు, చిరునామాలు, బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిదన్నది. క్లబ్బు ఎన్నేళ్లుగా ఆడుతోందో ఆ తర్వాత చూడొచ్చు.

అపోహ: ఆరేళ్ల తర్వాత పదవి వదలాల్సిందే.

2018 నియమావళి ప్రకారం రాష్ట్రంలో మూడేళ్లు, బోర్డులో మూడేళ్లు వరుసగా చేస్తే ఆరు నిండినట్టే, మూడేళ్లు విరామం. సవరణ చేయాలంటే నాలుగింట మూడొంతుల మెజారిటీ, దానికి తోడు సుప్రీంకోర్టు అనుమతి కావాలి. బోర్డు 2019 డిసెంబరులో సవరణలు ఆమోదించుకుని కోర్టుకెళ్లింది. తీర్పు 2022 సెప్టెంబరు 14న వచ్చింది. ఈలోగా అప్పటి అధ్యక్షుడు గంగూలీ, కార్యదర్శి జై షా ఆరేళ్లు దాటినా పదవుల్లో కొనసాగారు. ఇప్పుడు లెక్క: రాష్ట్రంలో ఆరు, బోర్డులో ఆరు, అంటే వరుసగా పన్నెండేళ్లు. సంస్కరణ అసలు ఉద్దేశం ఇక్కడే నీరుగారిందని మా అభిప్రాయం. 70 ఏళ్లు దాటినవారికి, మంత్రులకు మాత్రం ఆ నియమావళి ప్రకారం చోటు లేదు.

అపోహ: మాజీ క్రికెటర్ అధ్యక్షుడైతే ఆటగాళ్ల రాజ్యమే.

బోర్డును నడిపే అపెక్స్ కౌన్సిల్లో తొమ్మిది మంది. ఐదుగురు ఆఫీసు బేరర్లు, సభ్య సంఘాల నుంచి ఒకరు, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ ప్రతినిధి ఒకరు. ఆటగాళ్ల సంఘం నుంచి ఇద్దరే, ఒక పురుషుడు, ఒక మహిళ. ఆ ఐదుగురినీ ఎన్నుకునేది రాష్ట్ర సంఘాలే, అధ్యక్షులైన మాజీ క్రికెటర్లు గంగూలీ అయినా, రోజర్ బిన్నీ అయినా.

అపోహ: 2025 జాతీయ క్రీడా పాలన చట్టంతో బోర్డు లెక్కలన్నీ ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కిందికి వస్తాయి.

బిల్లు తొలి రూపంలో అలా ఉంది. సవరణ తర్వాత ప్రభుత్వ నిధులు తీసుకున్న మేరకే ఆర్టీఐ. బోర్డు గ్రాంట్ల మీద నడవదు కాబట్టి, ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టినా ఫలితం తక్కువే. చట్టంలో ఆసక్తి కలిగించేది వేరే: కార్యవర్గం 15 మందికి మించకూడదు, వారిలో కనీసం నలుగురు మహిళలు ఉండాలి. లెక్కలు చూడాలనుకుంటే బోర్డు వెబ్‌సైట్లో పెట్టే వార్షిక నివేదికలు చూడండి. రాష్ట్ర సంఘాలకు పంచిన మొత్తాల దగ్గర మొదలుపెట్టండి. ఆ డబ్బు మీ సంఘంలో ఏ ఖాతాకు చేరిందో మీ జిల్లా కార్యదర్శిని అడగొచ్చు.