లైనక్స్, పేటెంట్లు, మధ్యలో ఏడో సెక్షన్

2013 ఆర్థిక సంవత్సరంలో ఆండ్రాయిడ్ ఫోన్ల మీద శాంసంగ్ మైక్రోసాఫ్ట్‌కు కట్టిన పేటెంట్ రాయల్టీ 100 కోట్ల డాలర్లకు పైమాటే. మరుసటి ఏడాది ఆ రెండు కంపెనీలూ కోర్టుకెక్కబట్టి ఈ లెక్క బయటికొచ్చింది. ఆండ్రాయిడ్‌ను తయారుచేసింది గూగుల్. దాని అడుగున నడిచేది లైనక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్. ఆ కెర్నల్‌ను ఎవరైనా పైసా కట్టకుండా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. శాంసంగ్ కట్టిన డబ్బు మైక్రోసాఫ్ట్ రాసిచ్చిన కోడ్ కోసం కాదు. మరి దేనికి?

కాపీరైట్‌కీ పేటెంట్‌కీ ఉన్న తేడా తెలిస్తేనే ఇది అర్థమవుతుంది. కాపీరైట్ రాసిన కోడ్‌ను కాపాడుతుంది. మీ ప్రోగ్రామ్‌ను చూడకుండా, అదే పని చేసే ప్రోగ్రామ్‌ను నేను సొంతంగా రాసుకుంటే కాపీరైట్ నా జోలికి రాదు. పేటెంట్ అలా కాదు, అది పని జరిగే పద్ధతి మీదే హక్కు. ఆ పద్ధతి నా అంతట నాకే తట్టినా, దాని మీద పేటెంట్ ఉందన్న సంగతే నాకు తెలియకపోయినా ఉల్లంఘన కిందికే వస్తుంది. అందుకే ఏ ఒక్క లైనూ కాపీ కొట్టనివాళ్లు కూడా పేటెంట్ కేసులో ఇరుక్కుంటారు. ఓపెన్ సోర్స్ వాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాళ్ల కోడ్ అందరి కళ్లెదుటే ఉంటుంది, పేటెంట్ ఉన్నవాడు తీరిగ్గా వెతుక్కోవచ్చు. రాసినవాళ్ల వెనక మాత్రం చాలాసార్లు లాయర్లూ ఉండరు, లాయర్లకిచ్చే డబ్బూ ఉండదు.

సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ ఏమిటన్న సందేహం అమెరికా కోర్టులకు మొదట్లో బాగానే ఉండేది. 1972లో వచ్చిన బెన్సన్ కేసులో అంకెలను ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చే పద్ధతికి పేటెంట్ కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 1981లో డీర్ కేసు వచ్చింది. అది రబ్బరును అచ్చుల్లో ఉడికించే యంత్రానికి సంబంధించింది. ఆ యంత్రాన్ని కంప్యూటర్ నడిపిస్తోందన్న ఒక్క కారణంతో పేటెంట్‌ను కాదనలేమని కోర్టు తీర్పిచ్చింది. తలుపు అక్కడ కొంచెం తెరుచుకుంది. 80లు, 90లు గడిచేసరికి సాఫ్ట్‌వేర్ పేటెంట్లు వేలల్లో వచ్చిపడ్డాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ 1983లో, స్వేచ్ఛగా పంచుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1989లో దాని కోసం జీపీఎల్ లైసెన్స్ వచ్చింది. కోడ్ తీసుకోండి, మార్చుకోండి, పంచండి, కానీ పంచేటప్పుడు మీకు దక్కిన స్వేచ్ఛనే అవతలివాళ్లకూ ఇవ్వండి, అన్నది దాని సారం. కాపీరైట్ వరకు ఇది గట్టి ఏర్పాటు. పేటెంట్ బయటినుంచి వస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు దాన్ని ఆపలేదు. 1991 జూన్‌లో వచ్చిన రెండో వెర్షన్‌లో ఏడో సెక్షన్ పెట్టింది ఈ లోటు తీర్చడానికే.

ఆ సెక్షన్ చెప్పేది ఇది: ఎవరో పేటెంట్ చూపించి మీ మీద షరతు పెట్టారనుకుందాం. ఆ షరతు వల్ల, మీ దగ్గర కాపీ తీసుకున్నవాళ్లు దాన్ని రాయల్టీ లేకుండా ఇంకొకరికి ఇవ్వలేని పరిస్థితి వస్తే, మీరూ ఆ ప్రోగ్రామ్‌ను పంచకూడదు. అంటే నా ఒక్కడి వరకు డబ్బు కట్టి బయటపడతానంటే కుదరదు. తప్పించుకుంటే అందరూ తప్పించుకోవాలి, లేకపోతే పంపిణీయే ఆగిపోవాలి. దీనికి 'స్వేచ్ఛో మరణమో' క్లాజు అని పేరుపడింది. పేటెంట్ ఉన్నవాడు పెద్ద కంపెనీలను ఒక్కొక్కటిగా విడదీసి వసూలు చేసుకోకుండా ఇంత సూటిగా అడ్డుకున్న వాక్యం సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో అంతకుముందు లేదనే నా అభిప్రాయం. తర్వాతి పాతికేళ్ల గొడవంతా దీని చుట్టూనే తిరిగింది.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో కెర్నల్‌ను బయటపెట్టినప్పుడు దానికి ఈ లైసెన్స్ పెట్టలేదు. పంచడానికి డబ్బు తీసుకోకూడదన్న సొంత షరతు ఒకటి పెట్టాడు. 1992లో జీపీఎల్ రెండో వెర్షన్‌కు మారాడు. అలా ఏడో సెక్షన్ లైనక్స్‌కు వచ్చి చేరింది.

పేటెంట్ దెబ్బ ఎలా ఉంటుందో జనానికి మొదట రుచి చూపించింది జిఫ్ బొమ్మలు. ఆ ఫార్మాట్‌లో వాడిన ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంట్ ఉండేది. జిఫ్ వెబ్ అంతటా పాకిపోయాక, 1994 చివర్లో ఫీజు కట్టాలన్న ప్రకటన వచ్చింది. దానికి జవాబుగా పుట్టిందే పీఎన్‌జీ అనే బొమ్మల ఫార్మాట్. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్లను కుదించే కంప్రెస్ అనే పాత ప్రోగ్రామ్ స్థానంలో జీజిప్ రావడానికి కారణమూ ఆ పేటెంటే. దారి మూసుకుపోతే పక్కదారి వేసుకోవడం అప్పటినుంచే అలవాటైంది.

2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ ఐబీఎం మీద దావా వేసింది. యూనిక్స్ కోడ్ లైనక్స్‌లోకి చేరిందన్నది దాని ఆరోపణ. అది పేటెంట్ కేసు కాదు, కాపీరైట్, కాంట్రాక్టు తగాదా. యూనిక్స్ కాపీరైట్లు అసలు ఎస్‌సీఓవి కావని, నోవెల్‌వని చివరికి తేలింది. అయినా కేసు తోక తెగేసరికి 2021 వచ్చింది. ఆ టెన్షన్ వల్ల కంపెనీలకు ఒక విషయం మాత్రం బోధపడింది: లైనక్స్ మీద వ్యాపారం కట్టుకున్నాక దాని తరఫున నిలబడే ఏర్పాటు ఏదో ఒకటి కావాలి. 2005 నవంబరులో ఐబీఎం, నోవెల్, ఫిలిప్స్, రెడ్ హ్యాట్, సోనీ కలిసి ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్ పెట్టాయి. అందులో చేరినవాళ్లు లైనక్స్‌కు సంబంధించిన భాగాల వరకు తమ పేటెంట్లను ఒకరి మీద ఒకరు వాడబోమని మాటిచ్చుకుంటారు. అదే ఏడాది జులైలో యూరోపియన్ పార్లమెంటు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు వీలిచ్చే డైరెక్టివ్ (చట్ట ప్రతిపాదన)ను 648 ఓట్లతో తోసిపుచ్చింది. అనుకూలంగా పడ్డవి 14.

ఇక 2006. ఏడో సెక్షన్‌కు కన్నం పెట్టే ప్రయత్నం ఆ నవంబరులోనే జరిగింది. మైక్రోసాఫ్ట్, నోవెల్ ఒప్పందం చేసుకున్నాయి. నోవెల్‌కు సూసే అనే సొంత లైనక్స్ ఉండేది. మైక్రోసాఫ్ట్ నేరుగా నోవెల్‌కు పేటెంట్ లైసెన్స్ ఇస్తే ఏడో సెక్షన్ అడ్డు తగిలేది. అందుకని లైసెన్స్ ఇవ్వలేదు. నోవెల్ కస్టమర్ల మీద కేసు వేయబోమని ఆ కస్టమర్లకే మాటిచ్చింది. అటునుంచి నోవెల్ కూడా మైక్రోసాఫ్ట్ కస్టమర్లకు అదే మాటిచ్చింది. కాగితం మీద నోవెల్ ఏ పేటెంట్ షరతుకూ లోబడలేదు. జరిగింది మాత్రం, సూసే కొన్నవాళ్లకు భద్రత, మిగతా లైనక్స్ వాడేవాళ్లకు భయం. అక్షరం మీరలేదు గానీ ఆ సెక్షన్ ఎందుకు రాశారో ఆ ఉద్దేశం మంటగలిసింది.

భయం ఎంతో చెప్పడానికి 2007 మేలో అంకె కూడా వచ్చింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తమ పేటెంట్లు 235 ఉల్లంఘిస్తోందని మైక్రోసాఫ్ట్ ఫార్చూన్ పత్రికతో చెప్పింది. కెర్నల్ 42, గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్‌లు 65, ఓపెన్ ఆఫీస్ 45, ఇలా లెక్క కూడా ఇచ్చింది. ఏ పేటెంట్లో మాత్రం చెప్పలేదు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే. ఫలానా నంబరు పేటెంట్ అని చెబితే ఆ కోడ్ తీసేస్తారు, వేరే పద్ధతిలో రాస్తారు, లేదా అది చెల్లదని కోర్టులో తేలుస్తారు. చెప్పకపోతే సరిదిద్దుకునే దారే లేదు.

జీపీఎల్ మూడో వెర్షన్ 2007 జూన్ 29న వచ్చింది. నోవెల్ తరహా ఒప్పందం చేసుకున్న కంపెనీ ఈ లైసెన్స్ కింద సాఫ్ట్‌వేర్ పంచకూడదని అందులో రాశారు. ఆ ఏడాది మార్చి 28కి ముందు చేసుకున్నవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. కన్నం పూడింది, కానీ లైనక్స్ కెర్నల్ ఆ గోడ లోపలికి రాలేదు. పరికరంలో మార్చిన కోడ్‌ను నడవనివ్వకుండా తాళం వేయకూడదని మూడో వెర్షన్ పెట్టిన షరతు టోర్వాల్డ్స్‌కు నచ్చలేదు. దానికితోడు కెర్నల్‌లో వేలమంది కోడ్ ఉంది, అందరి ఒప్పుదలా తీసుకోవడం అయ్యే పని కాదు. కెర్నల్ ఇప్పటికీ రెండో వెర్షన్ మీదే ఉంది.

2009 ఫిబ్రవరిలో పేటెంట్ల నంబర్లు బయటపడే రోజు వచ్చింది. నావిగేషన్ పరికరాలు చేసే టామ్‌టామ్ మీద మైక్రోసాఫ్ట్ దావా వేసింది. అందులో ముఖ్యమైనవి రెండు ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ పేటెంట్లు. మెమరీ కార్డుల్లో, పెన్ డ్రైవుల్లో ఉండేది ఆ ఫార్మాటే. పాత డాస్‌లో ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. విండోస్ 95 పొడుగు పేర్లు ఇచ్చింది, కానీ పాత ప్రోగ్రాములకూ ఆ ఫైలు కనబడాలి. అందుకని ఒకే ఫైలుకు రెండు పేర్లు దాస్తారు. పొడుగు పేరు ఒకటి, అందులోంచి మొదటి ఆరు అక్షరాలు తీసుకుని టిల్డే గుర్తు, ఒక అంకె తగిలించిన పొట్టి పేరు ఇంకొకటి. పేటెంట్ ఈ జంట పేర్ల మీద. ఇందులో గొప్ప ఆవిష్కరణ ఏమీ లేదు, పాతదానికీ కొత్తదానికీ పొసగడానికి చేసిన సర్దుబాటు. కానీ కార్డు కెమెరాలోనూ, కంప్యూటర్‌లోనూ తెరుచుకోవాలంటే ఎవరైనా సరే అదే సర్దుబాటు చేయక తప్పదు. పేటెంట్ బలమంతా అక్కడే ఉండేది.

ఒక్క నెలలో రాజీ కుదిరింది. టామ్‌టామ్ డబ్బు కట్టింది, రెండేళ్లలో ఆ పేర్ల కోడ్ తీసేస్తానంది. జీపీఎల్‌కు ఇబ్బంది రాకుండానే ఒప్పందం చేసుకున్నామని రెండు కంపెనీలూ ప్రకటించాయి. విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకోనిచ్చే సాంబా ప్రోగ్రామ్ రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఆ వేసవిలోనే కెర్నల్‌కు ఒక ప్యాచ్ (కోడ్ సవరణ) ప్రతిపాదించాడు. పొడుగు పేరు రాసేటప్పుడు పొట్టి పేరు చోట చెల్లని అక్షరాలు నింపడం అందులోని కిటుకు. చెల్లే పేరు ఒక్కటే ఉన్నప్పుడు రెండు పేర్ల పేటెంట్ వర్తించదు కదా! జీజిప్, పీఎన్‌జీ నాటి పక్కదారి మళ్లీ ఇలా కనబడింది.

ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఆండ్రాయిడ్ ఫోన్ల వైపు తిరిగింది. 2010లో హెచ్‌టీసీ, 2011లో శాంసంగ్ ఒప్పందాలు చేసుకున్నాయి. ఒప్పందాల్లో ఏముందో రహస్యం. ఏడో సెక్షన్ ఏ చోట వర్తిస్తుందో ఎవరైనా తేల్చాలన్నా ఆ కాగితాలు చూడాలి కదా. మొదట్లో చెప్పిన 100 కోట్ల డాలర్లు అలా వెళ్లినవే.

మలుపు 2018 అక్టోబరులో వచ్చింది. మైక్రోసాఫ్టే సుమారు 60,000 పేటెంట్లతో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. 2019 ఆగస్టులో ఫ్యాట్‌కు కొత్త రూపమైన ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్‌ను కూడా బయటపెట్టి, లైనక్స్‌లో దాన్ని చేర్చడానికి తమకు సమ్మతమేనంది. ఈలోగా 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసులో, నైరూప్యమైన ఆలోచనను కంప్యూటర్‌లో చేసినంత మాత్రాన పేటెంట్ రాదని చెప్పడంతో బలహీనమైన పేటెంట్లు చాలా రాలిపోయాయి.

అంతటితో గొడవ తీరిపోలేదు. ఒకరి పేటెంట్లు ఒకరి మీద వాడకూడదన్న మాటకు విలువుండేది అవతలివాడూ ఏదో ఒకటి తయారుచేసి అమ్ముతున్నప్పుడే. ఏదీ తయారుచేయకుండా కేవలం కేసుల మీద బతికే కంపెనీకి ఎదురు కేసు భయం లేదు. 2019లో లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ఫౌండేషన్ మీద, షాట్‌వెల్ అనే ఫోటోల ప్రోగ్రామ్ సాకుతో రాత్‌చైల్డ్ పేటెంట్ ఇమేజింగ్ దావా వేసింది. గ్నోమ్ మమ్మల్నొక్కరినీ వదిలేస్తే చాలనలేదు. విరాళాలు సేకరించి పోరాడింది. 2020 మేలో కుదిరిన రాజీలో ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉన్న ప్రతి ప్రోగ్రామ్‌కూ ఆ కంపెనీ పేటెంట్ల నుంచి విడుదల సాధించింది.

వీడియో కోడెక్‌ల (వీడియోను కుదించి, మళ్లీ విప్పే పద్ధతుల) దగ్గర మాత్రం ఇంకా దారి దొరకలేదు. వాటిలో ఒకటైన హెచ్.264 కోసం సిస్కో 2013లో ఓపెన్‌హెచ్264 ప్రకటించింది. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, రాయల్టీ సిస్కోయే కడుతుంది. అయితే ఆ రక్షణ సిస్కో తానే కంపైల్ చేసి పంచే బైనరీకి (కంప్యూటర్ నేరుగా నడిపే రూపానికి) మాత్రమే. అదే కోడ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా మీరు కంపైల్ చేసుకుంటే రక్షణ పోయినట్టే. 2022లో ఫెడోరా అనే లైనక్స్ హెచ్.264 వీడియోల హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను తన ప్యాకేజీల నుంచి తీసేసింది కూడా పేటెంట్ల భయంతోనే. వీటికి బదులుగా 2018లో ఏవీ1 అనే కోడెక్ వచ్చింది. దాన్ని చేసిన అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా సభ్యులు తమ పేటెంట్లను రాయల్టీ లేకుండా ఇస్తారు. 2020లో పేటెంట్ లైసెన్సుల వ్యాపారం చేసే సిస్వెల్ అదే ఏవీ1 మీద పరికరాల తయారీదారుల నుంచి వసూలు చేయడానికి వేరే కంపెనీల పేటెంట్లతో ఒక పూల్ తెరిచింది. ఆ కంపెనీలు అలయన్స్‌లో లేవు కాబట్టి, సభ్యులు ఇచ్చిన మాట వాళ్లకు వర్తించదు.