జాంగో లాగ్‌లో ఒకే పంక్తి రెండుసార్లు ఎందుకు పడుతుంది?

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోతో వెబ్‌సైటు నడుపుతున్న ఒక పాఠకుడు, లాగ్ ఫైలులో (ప్రోగ్రాం తన పనిని నమోదు చేసే ఫైలు) ప్రతి పంక్తీ రెండేసి సార్లు పడుతోందనీ, రూట్ లాగర్ (సందేశాలను స్వీకరించే లాగర్లన్నిటికీ పైనున్నది) స్థాయిని వార్నింగ్‌కు పెంచినా డీబగ్ సందేశాలు ఆగడం లేదనీ రాశారు. రెండింటికీ మూలం జాంగోలో లేదు. 2003లో పైథాన్ 2.3తో వచ్చిన లాగింగ్ మాడ్యూలులో ఉంది. జాంగో దాన్నే యథాతథంగా వాడుకుంటుంది.

లాగర్ పేరులోని చుక్కలే అధికార క్రమాన్ని నిర్ణయిస్తాయి. ‘అంగడి.చెల్లింపు’కు పైన ‘అంగడి’, దానికి పైన రూట్ ఉంటాయి. వీటిని గ్రామ, మండల, జిల్లా కార్యాలయాలు అనుకుందాం. గ్రామంలో అర్జీ, అంటే లాగ్ సందేశం, ఇవ్వగానే దాని తీవ్రతను (డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50) అక్కడి స్థాయితో పోల్చి చూస్తారు. గ్రామానికి సొంత స్థాయి లేకపోతే మండలానిది, అదీ లేకపోతే జిల్లాది వర్తిస్తుంది. ఈ పరీక్ష జరిగేది ఒక్కసారే. గ్రామంలో స్వీకరించిన అర్జీ పైకి వెళ్లేటప్పుడు మండల, జిల్లా కార్యాలయాల స్థాయిని ఎవరూ అడగరు. అక్కడి గుమాస్తాలైన హ్యాండ్లర్లు మాత్రం తమ తమ సొంత స్థాయిని చూసుకుని రాసుకుంటారు. అందుకే గ్రామం డీబగ్‌ను ఆమోదిస్తే, జిల్లా వార్నింగ్ అన్నా, జిల్లా గుమాస్తాకు సొంత అడ్డంకి లేనంతవరకు ఆ పంక్తి అక్కడ పడి తీరుతుంది. గ్రామంలోనూ జిల్లాలోనూ ఒకే ఫైలులో రాసే గుమాస్తాలుంటే పంక్తి రెండుసార్లు పడుతుంది.

ఇక జాంగో సొంత అమరిక సంగతి. డీబగ్ సెట్టింగు (పై డీబగ్ స్థాయి కాదు, జాంగో సెట్టింగుల్లోనిది) ట్రూ అయితే ‘జాంగో’ లాగర్ ఇన్ఫో మొదలుకొని అన్నిటినీ తెరపై చూపుతుంది. ఫాల్స్ అయితే తెరపై చూపడం ఆగిపోయి, ఎర్రర్, ఆపై సందేశాలు అడ్మిన్స్ జాబితాకు మెయిలుగా వెళ్తాయి. ఆ జాబితా మొదట ఖాళీగానే ఉంటుంది కనుక, దాన్ని నింపకుండా సైటును ప్రజలకు తెరిస్తే 500 లోపం (సర్వర్ లోపం) వెనుక ఉన్న ట్రేస్‌బ్యాక్, అంటే తప్పు ఎక్కడ జరిగిందో చూపే వివరం, ఎవరికీ చేరదు. బోధించేవారు మొదటి పాఠంలోనే చెప్పవలసిన విషయమిది.

సెట్టింగుల్లో మనం రాసే లాగింగ్ డిక్షనరీని (లాగర్ల అమరికను చెప్పేది) జాంగో తన అమరిక తర్వాత అమలు చేస్తుంది. అందులో ‘డిసేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్’ను ఫాల్స్ అని రాయకపోతే ట్రూగానే తీసుకుంటుంది, అప్పుడు మనం పేర్కొనని పాత లాగర్లు మూగబోతాయి, తమకు అందినదాన్ని పైకి కూడా పంపవు. నా దృష్టిలో ఫాల్స్ అని రాసే ఆ ఒక్క పంక్తిని ఎప్పుడూ మరవకూడదు.

హ్యాండ్లర్‌ను రూట్ దగ్గర ఒక్కచోటే ఉంచి, కింది లాగర్లకు స్థాయి మాత్రమే ఇవ్వడం మేలు. చెల్లింపులకు వేరే ఫైలు కావాలంటే ఆ లాగర్‌కు సొంత హ్యాండ్లర్ ఇచ్చి, సందేశాన్ని పై లాగర్లకు పంపే ‘ప్రాపగేట్’ను ఫాల్స్ చేయాలి.