ఇన్-యాప్ కొనుగోళ్లకు దేశానికో ధర ఎలా వచ్చింది?

ఒక యాప్‌లో నెల సబ్‌స్క్రిప్షన్ అమెరికాలో 9.99 డాలర్లు అనుకుందాం. మిగతా దేశాల్లో ఎంత పెట్టాలి? ఆ రోజు మారకం రేటుతో గుణిస్తే సరిపోతుందని మొదట అందరికీ అనిపిస్తుంది. యాప్ స్టోర్లు కూడా చాలా ఏళ్లు దాదాపు అదే చేశాయి. కానీ మారకం రేటు ఒక కరెన్సీకి ఇంకో కరెన్సీ ఎంత వస్తుందో మాత్రమే చెబుతుంది. ఆ మొత్తం అక్కడి మనిషి జీతం మీద ఎంత భారమో చెప్పదు. ఇన్-యాప్ ధరల పద్ధతి ఇన్నిసార్లు మారడానికి ముఖ్య కారణం ఈ తేడాయే.

ఈ గొడవ యాప్‌ల కంటే ముందే మొదలైంది. 2003లో యాపిల్ పాటల దుకాణం ఐట్యూన్స్ స్టోర్ అమెరికాలో పాటకు 99 సెంట్ల చొప్పున అమ్మకం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది యూరప్‌కు వచ్చినప్పుడు ఫ్రాన్స్, జర్మనీల్లో పాట ధర 99 యూరో సెంట్లు, బ్రిటన్‌లో 79 పెన్నీలు. అప్పటి రేటు ప్రకారం బ్రిటన్ వాళ్లే ఎక్కువ కట్టేవాళ్లు. దీని మీద విచ్ అనే వినియోగదారుల సంస్థ 2004లో ఫిర్యాదు చేసింది, విషయం యూరోపియన్ కమిషన్ దాకా వెళ్లింది. చివరికి 2008 జనవరిలో, ఆరు నెలల్లో బ్రిటన్ ధరలు తగ్గిస్తామని యాపిల్ ఒప్పుకుంది.

అదే ఏడాది జూలైలో యాప్ స్టోర్ తెరిచారు. అక్కడ డెవలపర్ నేరుగా ధర రాయడానికి లేదు, టియర్ (ముందే ఖరారు చేసిన ధర మెట్టు) ఎంచుకోవాలి. ఒకటో టియర్ అంటే అమెరికాలో 0.99 డాలర్లు. మిగతా దేశాల్లో దానికి ఎంత అన్నది యాపిల్ పట్టిక నిర్ణయించేది. ఒక్కడే కూర్చుని యాప్ రాసుకునేవాడికి ఇది నిజంగా పెద్ద వరం. డజన్ల కొద్దీ కరెన్సీలు, పన్నుల టెన్షన్ లేకుండా ప్రపంచమంతా అమ్ముకోవచ్చు. అయితే దేశాన్ని బట్టి ధర ఆలోచించే అవకాశం కూడా అక్కడితోనే పోయింది.

2009 జూన్‌లో ఐఫోన్ ఓఎస్ 3తో ఇన్-యాప్ కొనుగోళ్లు వచ్చాయి. మొదట డబ్బు పెట్టి కొన్న యాప్‌లలోనే వీటిని అనుమతించారు. అక్టోబర్‌లో ఉచిత యాప్‌లకూ ఇచ్చారు. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు అదే. యాప్‌ను ఒకసారి కొని ఊరుకునే రోజుల్లో దేశాల మధ్య ధర తేడా ఒక్కసారి తగిలే దెబ్బ. లోపలికి రావడం ఉచితమై, నాణేలు, అదనపు లెవెల్స్, నెలనెలా సబ్‌స్క్రిప్షన్ అమ్మడం మొదలయ్యాక, ఎవరు కొనసాగుతారు, ఎవరు సగంలో ఆగిపోతారు అన్నది ధర మీదే ఆధారపడింది. ఆండ్రాయిడ్‌లోకి ఇలాంటి బిల్లింగ్ 2011 మార్చిలో వచ్చింది.

టియర్ల కాలంలో ధర మారిందంటే కారణం సాధారణంగా కరెన్సీ లేదా పన్ను. బ్రిటన్‌లో ఒకటో టియర్ 2011లో 59 పెన్నీల నుంచి 69కి, 2015లో 79కి, బ్రెగ్జిట్ ఓటు తర్వాత పౌండ్ పడిపోవడంతో 2017లో 99కి చేరింది. ఆస్ట్రేలియాలో మాత్రం వాళ్ల డాలర్ బలపడి 2011లో 1.19 నుంచి 0.99కి తగ్గింది.

2022 అక్టోబర్‌లో యూరో దేశాల్లో అదే టియర్ 0.99 నుంచి 1.19 యూరోలు అయినప్పుడు వినియోగదారులకు కోపం రావడం సహజం. లెక్క వేసి చూస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అమెరికాలో కనిపించే ధరలో పన్ను ఉండదు, పైన వేస్తారు. 0.99లో 30 శాతం కమీషన్ పోతే డెవలపర్ చేతికి 69 సెంట్లు. యూరప్‌లో కనిపించే ధరలోనే వాట్ కలిసి ఉంటుంది. వాట్ 20 శాతం ఉన్న ఫ్రాన్స్‌లో 0.99 యూరోల నుంచి పన్ను తీస్తే మిగిలేది సుమారు 0.83. అందులో కమీషన్ పోగా 58 యూరో సెంట్లు. యూరో బలంగా ఉన్నన్నాళ్లు డాలర్లలోకి మారిస్తే ఆ తేడా పూడిపోయేది. 2022లో యూరో పడిపోయి, సెప్టెంబర్‌కల్లా డాలర్ కంటే కిందికి దిగింది. 1.19తో అదే లెక్క మళ్లీ వేయండి: పన్ను పోతే 0.99, కమీషన్ పోతే 69 సెంట్లు. అంటే ఆ పెంపు అమ్మేవాడి ఆదాయాన్ని అమెరికాతో సమానం చేసింది. కొనేవాళ్ల జీతాలు ఏమైనా పెరిగాయా అన్న ప్రశ్నకు ఈ లెక్కలో చోటే లేదు.

ఆ ప్రశ్నకు మొదట చోటు దొరికింది కనీస ధర విషయంలో. 0.99 డాలర్లకు సమానమైన మొత్తం కంటే తక్కువకు ఏదీ అమ్మకూడదంటే, చాలా దేశాల్లో చిన్న నాణేల ప్యాక్ కూడా మామూలు మనిషికి అందదు. 2015 జూలైలో గూగుల్ ప్లే ఇండియాలో కనీస ధరను 50 రూపాయల నుంచి 10కి దించింది. నవంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, మెక్సికో, టర్కీ, వియత్నాం సహా మరో 17 దేశాల్లో తగ్గించింది. యాపిల్ కూడా కొన్ని దేశాలకు వేరే తక్కువ టియర్లు తెచ్చింది. 2022లో గూగుల్ చాలా దేశాల్లో కనీస ధరను 5 అమెరికన్ సెంట్లకు సమానమైన మొత్తం దాకా దించింది. దీంతో చిన్న ప్యాక్‌ల సంగతి తేలింది కానీ, నెలవారీ సబ్‌స్క్రిప్షన్ మాత్రం చాలా యాప్‌లలో మారకం రేటు దగ్గరే ఉండిపోయింది.

మారకం రేటు కాకపోతే ఏ కొలత వాడాలి? ఒకే రకం సరుకులు ఏ దేశంలో ఎంతకు దొరుకుతాయో చూసి కరెన్సీలను పోల్చడాన్ని కొనుగోలు శక్తి సమానత అంటారు. ఆ ఆలోచనకు ఆ పేరు పెట్టింది స్వీడన్ ఆర్థికవేత్త గుస్టావ్ కాసెల్, 1918లో. 1986లో ది ఎకనామిస్ట్ పత్రిక ఒకే బర్గర్ ఏ దేశంలో ఎంతో చూపించే బిగ్ మాక్ సూచీ మొదలుపెట్టింది. ఇప్పుడు చాలామంది డెవలపర్లు ఈ రెండింట్లో ఒకటి తీసుకుని ధరల పట్టిక తయారు చేసుకుంటారు. మొదలుపెట్టడానికి పర్వాలేదు, కానీ అక్కడే ఆగిపోతే పొరపాటు. కొనుగోలు శక్తి లెక్కలో అద్దెలు, క్షవరం, బస్సు టికెట్ లాంటి స్థానిక ఖర్చులన్నీ ఉంటాయి. పేద దేశాల్లో అవి చవక కాబట్టి అక్కడి ఆదాయం కాగితం మీద పెద్దదిగా కనిపిస్తుంది. యాప్‌కి కట్టేది ఆ ఖర్చులన్నీ పోయాక మిగిలిన డబ్బు నుంచి. అందుకే లెక్క ప్రకారం సరైన ధర కూడా చాలాచోట్ల ఇంకా ఎక్కువే అవుతుంది.

దేశానికో ధర పెట్టడానికి ఆర్థికశాస్త్రం ఒక షరతు పెడుతుంది. ఒకే సరుకును వేర్వేరు ధరలకు అమ్మడాన్ని ధరల వివక్ష అంటారు. ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో దాన్ని మూడు రకాలుగా విడదీశారు. దేశాన్ని బట్టి ధర మూడో రకం కిందికి, అంటే కొనేవాళ్లను గుంపులుగా విడదీసి గుంపుకో ధర పెట్టడం కిందికి వస్తుంది. చవక మార్కెట్‌లో కొన్నది ఖరీదైన మార్కెట్‌కి చేరకుండా ఉంటేనే ఇది నిలబడుతుంది. పుస్తకాల విషయంలో నిలబడలేదు. థాయిలాండ్‌లో చవగ్గా దొరికే పాఠ్యపుస్తకాలను బంధువులతో తెప్పించుకుని అమెరికాలో అమ్మిన ఒక విద్యార్థి మీద జాన్ వైలీ ప్రచురణ సంస్థ కేసు వేస్తే, 2013లో అమెరికా సుప్రీం కోర్టు విద్యార్థి వైపే తీర్పు ఇచ్చింది.

డిజిటల్ సరుకులో ఆ గండి వీపీఎన్ (వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాధనం) రూపంలో పడింది. పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌లో అర్జెంటీనా, టర్కీ ధరలు బాగా తక్కువగా ఉండేవి. వేరే దేశాల వాళ్లు అక్కడి వాళ్లమని చెప్పి కొనేవాళ్లు. 2021లో స్టీమ్ దేశం మార్చుకోవడాన్ని మూడు నెలలకు ఒకసారికే పరిమితం చేసింది. మరోపక్క అక్కడి కరెన్సీలు పెసో, లీరా రెండూ వేగంగా పడిపోతున్నాయి. 2023 నవంబర్‌లో ఆ రెండు దేశాల్లోనూ స్టోర్‌ను డాలర్లలోకి మార్చేశారు. నిజంగా అక్కడే ఉండి, అక్కడి జీతంతో బతికే ఆటగాళ్లకు చాలా గేమ్‌ల ధరలు రాత్రికి రాత్రే ఎన్నో రెట్లు పెరిగాయి. కరెన్సీ కూలిన దెబ్బ, ఎక్కడో ఉన్నవాళ్ల మోసం దెబ్బ, రెండూ వాళ్లే భరించారు. ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తుంది.

ఫోన్ స్టోర్లలో గండి కొంచెం చిన్నది. యాపిల్ చూసేది ఖాతా ఏ దేశానిదో, ఫోన్ ఆ క్షణంలో ఎక్కడుందో కాదు. గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒకసారే మార్చుకోగలం. అయినా లీకేజీ ఆగదు. చవక దేశం ఖాతాలతో తీసుకున్న యూట్యూబ్ ప్రీమియం సబ్‌స్క్రిప్షన్లను 2024లో రద్దు చేయాల్సి వచ్చింది. పదిమంది కలిసి పోటీపడే ఆటల్లో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ చవగ్గా కొన్న నాణేలు పక్క ఆటగాడి మీద గెలుపునిస్తాయి, ఒక్కోసారి చేతులు కూడా మారతాయి. భాష నేర్పే యాప్‌కో, నోట్స్ యాప్‌కో ఈ బాధ లేదు. అలాంటివాళ్లు ధర తగ్గించడానికి భయపడాల్సిన పని లేదనే నేనంటాను.

2022 డిసెంబర్‌లో యాపిల్ టియర్ల స్థానంలో 900 ధరలు తెచ్చింది. 0.29 డాలర్ల నుంచి మొదలై, అనుమతి తీసుకుంటే 10,000 దాకా. 175 స్టోర్లు, 45 కరెన్సీలు. ముందు సబ్‌స్క్రిప్షన్లకు, 2023లో మిగతా కొనుగోళ్లకు ఇది అమల్లోకి వచ్చింది. డెవలపర్ ఒక దేశాన్ని ఆధారంగా పెట్టుకుంటే మిగతా ధరలు వాటంతటవే నిండుతాయి. ఏ దేశానికైనా చేత్తో మార్చుకోవచ్చు. అలా మార్చినవాటిని, సబ్‌స్క్రిప్షన్ ధరలను మాత్రం కరెన్సీ పడిపోయినా యాపిల్ తనంతట తాను సరిచేయదు. దాంతో చాలామంది ఆటోమేటిక్ ధరకే వదిలేస్తారు. పట్టిక చూస్తే స్థానిక కరెన్సీ, గుండ్రటి అంకె, అంతా బాగానే కనిపిస్తుంది. వెనక ఉన్నది అమెరికా ధరే. టియర్ల రోజుల్లో అది స్టోర్ చేసిన నిర్ణయం, డెవలపర్‌కి వేరే దారి లేదు. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

చేత్తో ధర పెట్టినవాళ్లకు మిగిలే కష్టం పాత చందాదారులది. కరెన్సీ పడిపోయిన దేశంలో ధర పెంచాల్సి వస్తే, ఇప్పటికే ఉన్నవాళ్లను పాత ధరకే ఉంచి, కొత్తవాళ్లకు మాత్రమే పెంచే వీలు యాపిల్ ఇస్తుంది. అందరికీ పెంచితే నోటీసు వెళ్తుంది. పెంపు ఒక హద్దు దాటితే ప్రతి ఒక్కరి అనుమతీ కావాలి, ఒప్పుకోనివాళ్ల సబ్‌స్క్రిప్షన్ ఆ గడువుతో ఆగిపోతుంది. తగ్గించినప్పుడు ఈ అనుమతుల గొడవ లేదు. తర్వాతి నెల నుంచి అందరికీ కొత్త ధరే పడుతుంది.